ఇదెవరికి?

ఆవేళ తెల్లారేసరికి ఆకాశం రెండు ముక్కలుగా ఉంది. తూర్పున సముద్రం మీద శుభ్రంగా, ఎర్రగా ఉంది. దక్షిణాన మాత్రం నల్లటి మబ్బొకటి నీళ్ళని ఆనుకుని పడుకుంది. మెరవలేదు, కదల్లేదు. అలాంటి మబ్బుని నమ్మకూడదు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే మా పేటలో పడవలన్నీ పైకి లాగేశారు.

"మంచిదే అయింది. లేకపోతే వల మానేసి ఆట చూడ్డానికి పోయారని మాట పడేవాళ్ళం" అన్నాడు మా బావ సత్తియ్య.

ఆట మా మేనకోడలు లక్ష్మీదుర్గది. కాకినాడలో డిగ్రీ చదువుతోంది, ఇంటర్ నుంచీ అక్కడే హాస్టల్లో ఉంటుంది. కాలేజీ ఆడపిల్లల వాలీబాల్ జట్టులో లిఫ్టరు. లిఫ్టరంటే బంతి కొట్టే మనిషి కాదు, కొట్టేవాళ్ళకి ఎత్తి పెట్టే మనిషి. వెనకనుంచి వచ్చిన బంతిని వేళ్ళ మీద తీసుకుని, ఎవరికివ్వాలో ఆ రెప్పపాటులోనే తేల్చుకుని ఇవ్వాలి. కొట్టేవాళ్ళకి చప్పట్లు పడతాయి. ఇచ్చినమ్మాయిని ఎవరూ చూడరు.

ఆవేళ మాత్రం చూసేవాళ్ళున్నారు. సామర్లకోటలో ఫైనల్‌కి యూనివర్సిటీ వాళ్ళు వస్తున్నారు. తమ జట్టులోకి ఒక్క లిఫ్టర్ని తీసుకుంటారట. దుర్గకిది ఆఖరి ఏడు. ఇప్పుడు తీసుకోకపోతే ఆట అక్కడితో సరి. ఆ మాట ఫోన్లో వాళ్ళమ్మతో చెప్పి ఏడ్చిందని తెలిసింది. వాళ్ళమ్మంటే మా అక్క లోవమ్మ. ఆవిడకి బస్సు పడదు, వాంతులు. అందుకని బావా, నేనూ, నూకరత్నం వదినా బయల్దేరాం.

నూకరత్నం మాకు చుట్టం కాదు, పక్కిల్లు. ఆవిడ భర్త సముద్రంలో పోయి చాలా కాలమైంది. దుర్గని ఎత్తుకుని పెంచింది సగం ఆవిడే. క్యారేజీ నిండా అన్నం, చేపల పులుసు పట్టుకుని అందరికంటే ముందే ఆటో దగ్గరికొచ్చి నిలబడింది.

"మీ ఇద్దరూ యానాంలో మందు కొట్టు దగ్గర దిగిపోతారేమో, ముందే చెప్పేయండి. నేనొక్కదాన్నే వెళ్ళి చూసొస్తాను" అంది.

"నువ్వు పక్కనుంటే ఎక్కడ దిగుతాం వదినా?" అన్నాను.

"అబ్బో, చిట్టియ్యకి మాటొచ్చిందే! మబ్బు అందుకే పట్టింది."

బస్సులో కొత్త వల సంగతి వచ్చింది. శుక్రవారం దింపుతున్నారు. మాది అలివి వల. పడవలో తీసుకెళ్ళి నీళ్ళలో చుట్టూ వేసొచ్చి, రెండు తాళ్ళు పట్టుకుని ఒడ్డుకి లాగుతాం. కొత్త వల ఏది వచ్చినా నీళ్ళలోకి వెళ్ళేముందు నూకరత్నం చెయ్యి పడాలి. ముండమోసిన మనిషి చేత అలాంటి పని ఇంకే పేటలోనూ చేయించరు. మా దగ్గర చేయిస్తారు. ఆవిడ చెయ్యి మంచిదని పేరు.

ఆ పేరు పోగుల దగ్గర వచ్చింది. అమ్మకానికి పోయే చేప పోయాక, ఇళ్ళకి కూరకని ఉంచింది ఒడ్డు మీద పోగులు పెడతాం. ఎంత సమానంగా పెట్టినా సమానం అవదు. ఒక పోగులో ఖరీదైన చందువా పడుతుంది, పక్క పోగులో అన్నీ ముళ్ళ కవళ్ళే. ఎవరి పోగు ఏదో తేల్చడానికి ఒక మనిషి పోగులకి వీపు పెట్టి, ఊరివైపు తిరిగి నిలబడతాడు. ఇంకొకడు ఒక పోగు మీద కర్ర ఆనించి "ఇదెవరికి?" అని అడుగుతాడు. వెనక్కి చూడకుండా ఇతను ఒకింటి పేరు చెబుతాడు. ఆ పోగు ఆ ఇంటిది. చూడని మనిషి చెప్పిన మాట కాబట్టి ఎవరికీ కోపం రాదు. వాటాల దగ్గర మా పేటలో గొడవ అయినట్టు నేనెరగను.

ఆ పేర్లు చెప్పే మనిషి మా బావ. వాళ్ళ నాన్న తర్వాత ఆ చోటు బావకిచ్చారు.

మొగుడు పోయినా అతని తాడు చోటు ఆవిడకి ఉంచాం కాబట్టి నూకరత్నానికీ ఒక పోగు ఉంటుంది. తరచూ మంచి పోగు ఆవిడకే పడేది. మొదట నవ్వుకున్నారు. తర్వాత గంగమ్మ చల్లగా చూస్తోందన్నారు. ఆ తర్వాత వలల మీద చెయ్యి వేయించడం మొదలుపెట్టారు. నాలుగైదేళ్ళుగా మాత్రం ఆవిడకీ అందరిలాగే కవళ్ళు పడుతున్నాయి. చెయ్యి బలం తగ్గిందని కొందరు గొణుగుతున్నారు.

"ఈసారి వేరేవాళ్ళ చేత వేయిద్దామన్నాడట పల్లంరాజు. నిజమేనా సత్తియ్యా?" అని అడిగింది వదిన.

"వాడి మాటకేంలే. నీ చెయ్యే పడుతుంది" అన్నాడు బావ కిటికీలోంచి చూస్తూ.

సామర్లకోటలో గ్రౌండు పక్క రేకుల పందిరి కింద కుర్చీలన్నీ నిండిపోయాయి. మేము అవతలి జట్టు వెనకవైపు తాడు దగ్గర నిలబడ్డాం. అక్కణ్ణించి నెట్టుకి అవతల దుర్గ ఎదురుగా కనపడుతుంది. మమ్మల్ని చూసి చెయ్యెత్తింది. జుట్టు గట్టిగా బిగించి ముడేసింది. వాళ్ళ నాన్న నుదురే.

మొదటి గేము వీళ్ళదే. దుర్గ వాళ్ళలో బాగా కొట్టేవాళ్ళు ఇద్దరు. ఎడమవైపు రమ్యశ్రీ, పొడుగ్గా ఉంటుంది, సామర్లకోటలో కిరాణా షాపు వాళ్ళమ్మాయి. కుడివైపు ప్రసన్న, పొట్టిదే కానీ స్ప్రింగులా లేస్తుంది. దుర్గ ఇద్దరికీ ఇస్తోంది, మధ్యలో ఉన్నమ్మాయికీ ఇస్తోంది. ఒకరికి బంతి తగలక తలొంచుకుంటే, కాసేపాగి వాళ్ళకే మంచి బంతి ఎత్తి పెడుతోంది.

"పంపకం తెలిసిన ఇంటి పిల్ల కదా! సత్తియ్య కూతురనిపించింది" అంది వదిన చుట్టుపక్కల వాళ్ళకి వినపడేలా.

బావ నవ్వాడు.

రెండో గేముకి జట్లు వైపులు మారాయి, మేమూ దుర్గ మొహం కనపడేలా అవతలికి మారాం. కాసేపటికి నాకొక సంగతి తట్టింది. బంతి దుర్గ చేతుల్లో పడకముందే ఎవరికి వెళ్తుందో నాకు తెలిసిపోతోంది. ఎలాగో ముందు అర్థం కాలేదు. ఊరికే నోట్లోంచి వచ్చేస్తోంది.

"ప్రసన్నకి" అన్నాను. ప్రసన్నకే వెళ్ళింది.

"రమ్యశ్రీకి." రమ్యశ్రీకే.

"మళ్ళీ రమ్యశ్రీకే."

"ఏరా చిట్టియ్యా, సోది చెప్పడం ఎప్పుడు నేర్చావు? మా ఇంట్లో తప్పిపోయిన కోడి ఎక్కడుందో చెప్పు" అంది వదిన.

అప్పుడు గమనించాను. దుర్గ కళ్ళు. బంతి పైనుంచి దిగుతూ ఉండగా ఒక్కసారి తను ఇవ్వబోయే పిల్లవైపు చూస్తుంది. అలా ఎవరైనా చూస్తారు. కానీ ఆ పిల్ల బాగా లేస్తోందనీ, అక్కడ ఖాళీ ఉందనీ కనపడగానే కనుబొమలు పైకి పోతాయి, కళ్ళు ఇంతంతవుతాయి. జాతరలో బొమ్మల కొట్టు చూసిన పిల్ల మొహం. ఆ వెంటనే బంతి అటే వెళ్తుంది.

నేనొక్కణ్ణే గమనించానని అనుకోవడానికి లేదు. అవతలి జట్టు కోచ్ తన పిల్లల్లో ఒకమ్మాయిని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. నీలం బ్యాండు పెట్టుకున్న పొడుగుపిల్ల. అప్పట్నుంచి ఆ పిల్ల బంతి చూడ్డం మానేసింది. నెట్టులోంచి దుర్గ మొహమే చూస్తోంది. దుర్గ కళ్ళు పెద్దవవగానే అటు పరిగెత్తి చేతులెత్తేస్తోంది. రమ్యశ్రీ కొట్టిన బంతి ఆ చేతులకి తగిలి కాళ్ళ దగ్గరే పడుతోంది. ప్రసన్నదీ అంతే. పాయింటు మీద పాయింటు పోతోంది.

"బావా, అమ్మాయి కళ్ళు చూశావా? ముందే చెప్పేస్తున్నాయి" అన్నాను.

"దానికి చిన్నప్పట్నుంచీ అంతే. మంచిది కనపడితే కళ్ళు ఆగవు" అన్నాడు బావ. ఆట మీద ధ్యాసలో అన్నాడు.

"మనకెప్పుడూ కనపళ్ళేదే?"

"మీకెలా కనపడుతుంది, మీరంతా పోగులకేసి చూస్తారు కదా..."

అక్కడ ఆగిపోయాడు.

నేనూ ఆగిపోయాను. గ్రౌండులో ఈలలు, కేకలు. నాకు మాత్రం ఒడ్డు కనపడింది. బావ పోగులకి వీపు పెట్టి ఊరివైపు తిరిగి నిలబడ్డాడు. ఆయనకెదురుగా బోర్లించిన తెప్ప మీద చిన్నపిల్ల, కాళ్ళాడించుకుంటూ. హాస్టలుకి వెళ్ళేదాకా ప్రతిరోజూ అక్కడే కూర్చునేది. చిన్నప్పుడు బావే ఎత్తి కూర్చోబెట్టేవాడు. తండ్రంటే అంత ప్రాణమనుకునేవాళ్ళం. ఆ పిల్లకెదురుగా తండ్రి. తండ్రి వీపు వెనక పోగులు.

కర్ర చందువా ఉన్న పోగు మీద ఆనేది. ఇదెవరికి?

పిల్ల కళ్ళు పెద్దవయ్యేవి.

నూకరత్నానికి.

దుర్గ హాస్టలుకి వెళ్ళి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టనక్కర్లేదు. ఆవిడ చెయ్యి బలం ఎప్పట్నుంచి తగ్గిందో పేటలో అందరికీ తెలుసు. బావకేసి చూశాను. ఆయన నాకేసి చూడలేదు. చెవులు మాత్రం ఎర్రగా అయ్యాయి. మా ఇంటికి కవళ్ళు వచ్చిన రోజులు, మా ఆవిడ "మన రాత ఇంతే" అన్న రోజులు వరసగా గుర్తొచ్చాయి. కోపం రాలేదు. రావాలి కదా అని చూశాను, రాలేదు. అరికాళ్ళ కింద ఇసక జారిపోతున్నట్టు మాత్రం ఉంది. ఆ వీపుని నమ్మి మా పేట కొట్టుకోకుండా బతికింది.

రెండో గేము పోయింది. బాగా పోయింది. మూడోది గెలిచినవాళ్ళదే ఆట.

మధ్యలో కాసేపు వదిలారు. దుర్గ వాళ్ళకి ఆట నేర్పే పి.డి. సురేష్‌బాబు గారు రమ్యశ్రీ మీద కేకలేస్తున్నారు. "షాట్ అలాగేనా కొట్టేది? బలం లేదా? ఇంట్లో తిండి పెట్టట్లేదా?" ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటోంది. యూనివర్సిటీ వాళ్ళు ఇద్దరు కుర్చీల్లోంచి లేచి టీ తాగుతున్నారు. ఒకాయన అవతలి జట్టు లిఫ్టర్ని చూపించి ఏదో అన్నాడు. రెండో ఆయన తలూపాడు.

దుర్గ చూసింది. మొహం తెల్లబోయింది. తాడు దగ్గరికి వచ్చేసింది. వదిన నీళ్ళ సీసా అందించింది.

"అయిపోయింది మావయ్యా. వాళ్ళకెలా తెలిసిపోతోందో తెలియట్లేదు" అంది.

"నీ కళ్ళు చెబుతున్నాయమ్మా. ఇవ్వబోయేముందు పెద్దవవుతున్నాయి. ఆ నీలం బ్యాండు పిల్ల నీ మొహమే చూస్తోంది" అన్నాను.

"నా కళ్ళా?" నవ్వబోయింది, రాలేదు. "నువ్వు వాలీబాల్ ఎప్పుడాడావు మావయ్యా? ఎవరైనా చేతులు చూస్తారు కానీ కళ్ళు చూస్తారా? సారెప్పుడూ అన్లేదు."

"సారు నీ వెనకుంటారు కదమ్మా."

"నా కళ్ళల్లో ఏం లేదు. రమ్య సరిగ్గా లేవట్లేదంతే."

సీసా వదినకిచ్చేసి తిరిగింది. అవతల పి.డి. గారు "రండి రండి" అంటున్నారు. నేను బావని చూశాను. ఆయన నూకరత్నాన్ని చూస్తున్నాడు. ఆవిడ సీసా మూత బిగిస్తోంది.

"దుర్గా!" అన్నాడు.

ఆ పిల్ల ఆగింది.

"మావయ్య చెప్పింది నిజమేనమ్మా. నాకు తెలుసు. నువ్వు తెప్ప మీద కూర్చున్నంత కాలం నీ కళ్ళు చూసే పోగులు పిలిచాను."

దుర్గకి అర్థం కాలేదు. నుదురు ముడేసుకుని చూసింది.

"ఏ పోగులు?"

"మంచి పోగు మీద కర్ర పడితే నీ కళ్ళు చెప్పేసేవి. నేను నూకరత్నం పేరు చెప్పేవాణ్ణి."

సీసా మూత కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

దుర్గ వాళ్ళ నాన్నని చూసింది. తర్వాత వదినని చూసింది. విజిల్ వేశారు. ప్రసన్న వచ్చి "దుర్గా, రావే!" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నడుస్తూ కూడా వెనక్కే చూస్తోంది.

మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. వదిన బావకేసి చూడకుండా నెట్టుకేసి చూస్తూ అడిగింది.

"ఎప్పట్నుంచి సత్తియ్యా?"

"మీ ఆయన పోయిన ఏడు. నీకు వరసగా చెత్త చేప పడింది, గుర్తుందా? పిల్లలు చిన్నవాళ్ళు. నువ్వు ఏమీ అనకుండా బుట్టలో వేసుకుని పోయేదానివి. ఒకరోజు దుర్గ మొహం చూసి తెలిసిపోయింది. ఆ ఒక్కరోజుకే అనుకున్నాను."

"అడిగి పెట్టొచ్చుగా అందర్నీ?"

"పెట్టేవాళ్ళే. నువ్వు తీసుకునేదానివా?"

ఆవిడ కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. తాళ్ళు లాగి, చేపలు తోమి గట్టిపడిపోయిన చెయ్యి. దాన్ని చీర కొంగులో పెట్టేసుకుంది.

మూడో గేము మొదలైంది.

దుర్గ నెట్టు దగ్గర నిలబడింది. బంతి వచ్చింది. నేను అలవాటుగా ఆ పిల్ల మొహం చూశాను. అందులో ఏమీ లేదు. కనుబొమలు కదల్లేదు, కళ్ళు పెద్దవవలేదు. పిడుగు దగ్గర్లో పడ్డప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ప్రసన్నకి అనుకున్నాను. రమ్యశ్రీకి వెళ్ళింది. రమ్యశ్రీకి అనుకున్నాను. చూడకుండా వెనక్కి ఎత్తింది, ప్రసన్న దబ్బుమని కొట్టింది. నీలం బ్యాండు పిల్ల ఆ మొహాన్నే చూసి చూసి, ఎటు పరిగెత్తాలో తెలియక నిలబడిపోయింది. వాళ్ళ కోచ్ బయటనుంచి "బంతి చూడు, బంతి!" అని అరిచాడు. అప్పటికే ఆలస్యమైంది.

"కావాలని చేస్తోందా?" అని వదిన నన్నడిగింది.

"కాదనుకుంటా" అన్నాను.

బావ అంతసేపూ తాడు పట్టుకుని కింద ఇసకలోకి చూస్తున్నాడు. ఒక్క బంతీ చూడలేదు.

గెలిచారు. పిల్లలందరూ దుర్గ మీద పడి గెంతారు. మధ్యలో ఆ పిల్ల మేకులా నిలబడి ఉంది. యూనివర్సిటీ ఆయన మైకు తీసుకుని పేరు చదివాడు. కె. లక్ష్మీదుర్గ, లిఫ్టరు. సురేష్‌బాబు గారు పరిగెత్తుకుంటూ వచ్చి బావ రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు.

"సెలెక్టయిందండి మీ అమ్మాయి! మూడో గేములో చూశారాండి? అసలు ఆ మొహంలో ఏవీ తెలియనివ్వలేదండి. అలా ఉండమని మేం ఎంతమందికి చెబుతామో, ఒక్కరికీ రాదండి. ఎవరు నేర్పారండి?"

బావ తలొంచుకున్నాడు.

"ఏంటండీ, సంతోషంగా లేదాండి?"

"ఉందండి" అన్నాడు బావ.

పి.డి. గారు మా మొహాలు ఒక్కొక్కటీ చూసి, ఇంకేం అనలేక వెళ్ళిపోయారు.

గ్రౌండు ఖాళీ అవుతుంటే రేకుల పందిరి చివర, పంపు దగ్గర నీడలో వదిన తువ్వాలు పరిచింది. దుర్గ వచ్చి వాళ్ళ నాన్నకి కొంచెం దూరంగా కూర్చుంది. కాసేపు మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుంది. తర్వాత వదినకేసి తిరిగి, "నాకు తెలీదత్తా" అంది. గొంతు చాలా చిన్నగా ఉంది.

"నీకెలా తెలుస్తుందే. నీ కళ్ళు నీకు కనపడతాయా?"

"అయితే నీ చెయ్యి..."

"నా చెయ్యి నా దగ్గరే ఉంది." వదిన క్యారేజీ గిన్నెలు విడదీస్తూ బావకేసి మొదటిసారి సూటిగా చూసింది. "ఏం సత్తియ్యా, పోగులు నువ్వు చూసి పంపావు, సరే. నేను చెయ్యేసిన వలల్లో కూడా చేప పడింది. ఆ చేపని ఎవరి కళ్ళు చూసి పంపారు?"

జవాబుకి ఆగకుండా గిన్నెలు ఒక్కొక్కటే తువ్వాలు మీద పెట్టింది. గిన్నె అంచు గిన్నెకి తగిలి చప్పుడైంది.

"శుక్రవారం..." అన్నాడు బావ.

"తిను ముందు" అంది.

ఆకులు పరిచింది. అన్నం పెట్టింది. పులుసు గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మాకు వీపు పెట్టి, పంపువైపు తిరిగి కూర్చుంది. చేత్తో తడిమి ఒక ముక్క తీసి, వెనక్కి చూడకుండా చెయ్యి చాపింది. ఎవరి ఆకు దగ్గరుంటే అందులో పడింది. మళ్ళీ తీసింది. మళ్ళీ చాపింది. దుర్గ ఆకులో తోక ముక్క పడింది. బావ ఆకులో ముల్లున్న ముక్క. అందరూ కోరుకునే తలకాయ, దానితోపాటు చేప గుడ్డు కలిసొచ్చి నా ఆకులో పడ్డాయి.

నేను దుర్గని చూశాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఉంది.

వదిన ఇటు తిరిగి తన ఆకులో మిగిలింది వేసుకుంది. ఎవరికేం పడిందో చూడలేదు. దక్షిణాన ఉన్న మబ్బు సామర్లకోట దాకా వచ్చినట్టుంది, రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి. బావ ముద్ద కలిపాడు. దుర్గ కళ్ళు తెరిచి ఆకులోకే చూస్తూ తినడం మొదలుపెట్టింది. నా ముక్క ఎవరి ఆకులోకైనా జరపాలనిపించింది. జరపలేదు. నలుగురం ఆకులు ఖాళీ అయ్యేదాకా తిన్నాం.